నీలి గీత మేజోళ్లు

శనివారం మధ్యాహ్నం పెరట్లోని ఆవిరి స్నానాల గది పొగగొట్టంలోంచి పొగ లేచిందంటే, టిల్డా ముసలమ్మ కిటికీ పక్క కుర్చీలో చేరి, కొడుకు వారమంతా తొడిగి విడిచిన మేజోళ్లు ఒళ్లో వేసుకుంటుంది. ఆమెకు డెబ్భై తొమ్మిదేళ్లు. సూదిలో దారం ఎక్కించడానికి కళ్లజోడు చాలదు, పక్కన ఇంకొకరు ఉండాలి. దారం ఎక్కాక మాత్రం ఆమెకు చూపుతో పని లేదు. ఎడమ మేజోడు మడమ బయటి వైపు వేలు పెడితే చిల్లు అక్కడే తగులుతుంది. కోడలు పట్నం నుంచి ఫ్యాక్టరీ మేజోళ్లు కట్టలు కట్టలు తెచ్చిపెట్టి, "ఇంకా ఈ రఫ్ఫులెందుకత్తయ్యా, చిరిగితే పారేద్దాం," అంటుంది. టిల్డా వినబడనట్టు ఊరుకుంటుంది. ఆ చిల్లు ఒకప్పుడు తనకేం చెప్పిందో కోడలికి తెలియదు, చెప్పాలని ఈమెకూ లేదు.

విల్యో ఏడేళ్లప్పుడు గడ్డి అటక మీంచి పడ్డాడు. ఎముకలు సరిచేసే ముసలాయన వచ్చి కట్టు కట్టాడు గానీ, చీలమండ కాస్త వంకరగా అతుక్కుంది. కుంటడు, పరుగెత్తగలడు, నాట్యం కూడా చేస్తాడు. కాకపోతే ఎడమ పాదం బయటి అంచు మీద బరువు వేస్తాడు. ఎంత గట్టి ఉన్ని అయినా మూడు వారాలకు అక్కడ చిల్లు పడుతుంది. సైన్యంలో చేర్చుకునే డాక్టరు ఆ కాలు చూసి, "నడుస్తావుగా, చాలు," అని సంతకం పెట్టేశాడు.

అది 1941 వేసవి, రష్యాతో యుద్ధం మొదలైన రోజులు. విల్యోకి ఇరవై ఒక్కటి. తండ్రి లేడు, సరస్సు మీద దుంగలు నడిపిస్తూ నీళ్లలో పోయాడు. ఇంట్లో ఉన్నది తల్లీ కొడుకూ, రెండు ఆవులూ. పడవ రేవులో కొడుకు భుజం మీద సంచి సర్దుతూ టిల్డా ఒకటే మాట చెప్పింది.

"ఏదీ దాచకుండా రాయి. బాగున్నాను, బాగున్నాను అని రాశావో, నేనే బయల్దేరి వచ్చి చూస్తాను."

"వస్తావులే అమ్మా. నువ్వు రాకపోతే కదా ఆశ్చర్యం!"

వాడు మాట నిలబెట్టుకున్నాడు. మూడో ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశాడు. వారం రోజులుగా కాళ్లు తడిలోనే నానుతున్నాయనీ, వానలో ఫిర్ చెట్ల కొమ్మలు పరుచుకుని వాటి మీదే పడుకుంటున్నామనీ, దుప్పటి దారిలో ఎక్కడో పోయిందనీ. టిల్డా జవాబు రాసింది: 'నీకు దుప్పటి లేనప్పుడు నాకు మాత్రం మంచమెందుకు? నేనూ నేల మీదే పడుకుంటున్నాను.' రాయడమే కాదు, నిజంగానే పడుకుంది. మొండితనంలో ఆ ఇంటికి పేరుంది. సెప్టెంబరుకల్లా నడుము పట్టేసి, దగ్గు దిగి, ఆవుల పాలు పితకడానికి కూడా లేవలేకపోయింది. పోస్టు మోసే సెల్మా ఆ సంగతి ఒక కార్డు మీద విల్యోకి రాసి పడేసింది.

సెల్మా పక్కింటి మనిషి. మగవాళ్లంతా యుద్ధానికి వెళ్లిపోవడంతో పోస్టు సంచి ఆమె మెడలో పడింది. నోరు ఊరుకోదు, మనసు మంచిది. "కొడుకు అక్కడ తూటాలతో పడుతుంటే, నువ్విక్కడ నేలతో పోట్లాడుతున్నావా టిల్డక్కా? ఎవరు గెలిచారేం?" అని పొద్దస్తమానం దెప్పేది.

విల్యో నుంచి ఆ తర్వాత వచ్చిన ఉత్తరం చాలా కులాసాగా ఉంది. 'అమ్మా, నేను దివ్యంగా ఉన్నాను. కొత్త దుప్పటి ఇచ్చారు, కాళ్లు పొడిగా ఉన్నాయి. నువ్వు వెంటనే మంచమెక్కు. నా సంగతి సరే గానీ, మా గుడిసెలో నెస్తోరి అని ఒకడున్నాడు, వాణ్ణి చూస్తే జాలేస్తుంది. అనాథాశ్రమంలో పెరిగాడట. ఉత్తరం ముక్క రాసేవాళ్లు లేరు. బూట్లలో నీళ్లు చేరి పాదాలు ఉబ్బిపోయాయి, పాపం.'

టిల్డా మంచమెక్కింది. ఎక్కి, దిండుకు ఆనుకుని, నెస్తోరికి మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది.

విల్యో మేజోళ్లకు పైన ఎర్ర గీత. కలిసిపోకుండా నెస్తోరివాటికి నీలి గీత. పాదం కొలత రాయమంటే, 'నా కొలతే వాడికీ సరిపోతుంది' అని జవాబొచ్చింది. ఎంత అదృష్టమో, వేరే లెక్క పెట్టుకోనక్కర్లేదు అని సంబరపడింది ఆ పిచ్చితల్లి.

అప్పటినుంచి ప్రతి ఉత్తరంలోనూ విల్యో సంగతి రెండు ముక్కలూ, నెస్తోరి సంగతి రెండు పేజీలూ ఉండేవి. ఆ ఉత్తరాలకు కట్టెపొగ వాసన ఉండేది. టిల్డా విప్పగానే ముందు వాసన చూసి, ఆ తర్వాతే చదివేది. స్యువరి నది ఒడ్డున నేలలో తవ్వుకున్న గుడిసెలో నెస్తోరి పడే పాట్లన్నీ ఆమెకు కళ్లకు కట్టినట్టుండేవి. రై పిండి రొట్టె గడ్డకట్టి గొడ్డలికి కూడా లొంగకపోతే, కాపలాకు వెళ్లేముందు ముక్కను చంకలో పెట్టుకుని, వెచ్చబడ్డాక మూలమూలగా కొరుక్కుతినేవాడట. చలికి కనురెప్పలు అంటుకుపోతే అరచేత్తో కరిగించుకునేవాడట. పన్ను నొప్పి లేస్తే గుర్రాలకు లాడాలు కొట్టేవాడే పట్టకారు పెట్టి పీకేశాడట, అదీ రెండోసారికి సరైన పన్ను దొరికిందట. ఇక పేల సంగతి సరేసరి. రేకు పళ్లెం వేడిచేసి, ఒక్కొక్కరూ తమ పేనును దాని మీద వదిలి, ముందు అంచు దాటినవాడికి సిగరెట్టు అని పందేలు కాసేవారట. నెస్తోరి పేను మూడుసార్లు గెలిచిందని చదివి టిల్డా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, వెంటనే రెండు చొక్కాలు మూటగట్టి పంపింది.

వేసవిలో దోమల బాధ. వసంతంలో గుడిసెలో మోకాలి లోతు నీళ్లు. అన్నిటికంటే టిల్డాను కలచివేసింది ఒక చిన్న మాట. 'నెస్తోరి నిద్రలో వెచ్చటి పాల కోసం కలవరిస్తున్నాడు. పొద్దున అడిగితే నేనా, ఛీ, అంటాడు.' ఆ వేళ పాలు పితుకుతూ ఆమె ఏడ్చింది.

"ఏం టిల్డక్కా, ఈ వయసులో రెండో కొడుకును కన్నావే! పురుడు ఎవరు పోశారు?" అనేది సెల్మా, బల్ల మీద రెండు పొట్లాలు చూసి.

"నువ్వు మోస్తున్నావుగా, నువ్వే పోశావు. మాట్లాడకుండా తీసుకెళ్లు."

1943 మార్చిలో విల్యో సెలవు మీద వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయాయి, నవ్వు మాత్రం ఉంది. సంచిలోంచి మురికి బట్టలు తీసి ఇస్తూ, అడుగున ఉన్న ఒక జత మేజోళ్లు పట్టుకుని తటపటాయించాడు. నీలి గీత జత. మంచి ఉన్ని, పారేయడానికి మనసొప్పలేదు, అదే వాడు చేసిన పొరపాటు.

"ఇవి నెస్తోరివమ్మా. చిరిగాయట. మీ అమ్మ చేతి రఫ్ఫు బాగుంటుంది, వేయించుకురా అన్నాడు."

"దానికేం భాగ్యం, ఇటివ్వు," అంది టిల్డా.

వాడు ఆవిరి గదికి వెళ్లాక ఆమె కిటికీ దగ్గర కూర్చుని మేజోట్లో రఫ్ఫుకు వాడే చెక్క గుడ్డు దూర్చి తిప్పింది. చిల్లు ఎడమ మడమ బయటి వైపు ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. కుడి మేజోడు తీసి చూసింది, చెక్కుచెదరలేదు. మళ్లీ ఎడమది తీసుకుని చిల్లు చుట్టూ వేలితో తడిమింది. పదహారేళ్లుగా కుడుతున్న చిల్లు అది. లోకంలో ఎంతమంది నెస్తోరిలు ఉన్నా, గడ్డి అటక మీంచి పడినవాడు ఒక్కడే.

అప్పుడు వరసగా అన్నీ గుర్తుకొచ్చాయి. ఉబ్బిన పాదాలు, చంకలో రొట్టె, పట్టకారు, నిద్రలో పాలు. ఏడాదిన్నరగా తను జాలిపడింది ఎవరి మీదో ఆమెకు అర్థమైంది. లేచి వెళ్లి వీపు మీద రెండు వేసి, గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. తనకు తెలిసిపోయిందని తెలిస్తే వీడు రాయడం మానేస్తాడు. నెస్తోరి నోరు మూతపడితే ఇక తనకు మిగిలేది 'నేను దివ్యంగా ఉన్నాను' అన్న రెండు ముక్కలే. ఆమె వెనక్కొచ్చి చిల్లు కుట్టింది.

విల్యో తడితలతో వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. చేపలు కాల్చి పొదిగిన రొట్టె వాడి ముందు పెట్టి, పెద్ద గిన్నెడు వెచ్చటి పాలు కూడా పెట్టింది.

"అబ్బా, ఇంతా?" అన్నాడు.

"నీకు సగం. సగం నెస్తోరిది. వాడి బదులు నువ్వు తాగు."

విల్యో ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె పొయ్యి ఎగదోస్తోంది. "వాడికి చెబుతాను," అన్నాడు చివరికి, గిన్నె ఖాళీ చేసి.

"ఇంకో మాట కూడా చెప్పు. నోట్లో పన్ను పీకిన చోట ఉప్పునీళ్లతో పుక్కిలించమను."

"మానిపోయిందమ్మా. అంటే, వాడిది."

అలా ఆ తల్లీ కొడుకుల ఉత్తరాలు ఒక మాదిరిగా కుదురుకున్నాయి. ఆమె అడగాల్సిందంతా నెస్తోరిని అడిగేది. వాడు చెప్పాల్సిందంతా నెస్తోరి మీద పెట్టి చెప్పేవాడు. ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా, కొడుకుతో తను అంత మనసు విప్పి మాట్లాడిన రోజులు అంతకు ముందూ లేవు, ఆ తర్వాతా లేవు అనిపిస్తుంది టిల్డాకు. యుద్ధాన్ని తలుచుకుని బెంగపడడమేమిటని తనను తనే తిట్టుకుంటుంది కూడా.

1944 జూన్‌లో రష్యన్ల పెద్ద దాడి మొదలైంది. మూడు వారాలు ఏమీ రాలేదు. తర్వాత పెన్సిలుతో రాసిన ఒక పేజీ వచ్చింది. 'నేను బాగున్నాను. గుడిసెలో పన్నెండు మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు నలుగురం. నెస్తోరి తీరు బాగాలేదమ్మా. రొట్టె ముట్టడు. మా కందకంలో ఒకచోట పక్క పలక విరిగింది, శత్రువుకు తలలు కనిపిస్తాయని అక్కడ అందరూ వంగి నడుస్తారు. వాడు వంగడం మానేశాడు. ఏమిట్రా అంటే, అలిసిపోయాను, తూటా వస్తే రానీ అంటాడు. తను పోతే పాస్టరుగారు సైకిలెక్కి వెళ్లాల్సిన ఇల్లే లేదు కదా, ఎవరికీ ఇబ్బంది లేదు అంటాడు.'

టిల్డా ఆ ఉత్తరం గుమ్మంలోనే మళ్లీ మొదటినుంచి చదివింది.

ఆ ఊళ్లో సైకిలు సంగతి అందరికీ తెలుసు. సైన్యంలో ఎవరైనా పోతే కబురు ముందు పాస్టరుగారికి వస్తుంది. ఆయన నల్లకోటు తొడుక్కుని సైకిలెక్కుతాడు. ఆ సైకిలు సందు తిరిగిందంటే ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ల చేతుల్లో పని ఆగిపోయేది. శవపేటిక తర్వాత వస్తుంది, ఊరి చర్చి పెరట్లోనే పూడుస్తారు. ముందు వచ్చేది సైకిలు.

'నువ్వే నెస్తోరివని నాకు తెలుసురా' అని రాస్తే? వాడు సిగ్గుపడి, నోరు మూసుకుని, రేపు ఆ విరిగిన పలక దగ్గర నిటారుగా నడుస్తాడు. అలా కాదు. ఆమె పడవ విప్పి, అడ్డదారిన సరస్సు దాటి పాస్టరుగారి ఇంటికి వెళ్లింది.

"ఒక పేరు రాసుకోవాలండి. సైన్యంలో ఉన్నవాళ్ల పుస్తకంలో. నెస్తోరి."

"ఇంటిపేరు?"

"తెలీదండి."

"ఏ ఊరివాడు?"

"మన ఊరనే అనుకోండి. దళం మా విల్యోదే."

పాస్టరుగారు కలం పక్కన పెట్టాడు. నెలరోజుల్లో పదకొండు ఇళ్లకు వెళ్లొచ్చిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "టిల్డమ్మా, ఇంటిపేరు లేనివాడికి ఏదైనా అయితే నాకెవరు చెబుతారు?"

"మా వాడికేమైనా అయితే చెబుతారు కదండీ. అప్పుడే ఇతనికీ అయినట్టు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన మళ్లీ కలం తీసుకుని, విల్యో పేరు కిందే నెమ్మదిగా ఆ పేరు రాశాడు.

"దగ్గర బంధువు ఎవరని రాయను?"

"తల్లి అని రాయండి. టిల్డా. ఇంకొక్క మాట బాబుగారూ. మామూలు పని మీద మా వైపు వచ్చేటప్పుడు సైకిలు గంట కొట్టుకుంటూ రండి. నా గుండె ఆగేట్టుంది."

"అలాగే వస్తాను," అన్నాడాయన.

ఇంటికొచ్చి ఆమె రాసింది. మొదటిసారి నేరుగా వాడికే.

'నెస్తోరీ, నాయనా, నీకు ఇల్లు లేదని ఎవరన్నారు? ఈ రోజు పాస్టరుగారి పుస్తకంలో నీ పేరు రాయించాను. తల్లి అని నా పేరు పెట్టారు. నీకేమైనా అయితే ఆ సైకిలు మా ఇంటికే వస్తుంది. నేనిప్పటిదాకా ఒక్కడి కోసం భయపడుతున్నాను, ఇప్పుడు ఇద్దరి కోసం భయపడాలి. నా మోకాళ్ల సంగతి విల్యోని అడుగు. సైకిలు చూసి లేచి నిలబడడం నా వల్ల కాదు. అందుకని ఆ పలక దగ్గర వంగు. నా కోసం వంగు. రొట్టె తిను. యుద్ధం కాగానే విల్యోతో కలిసి ఇక్కడికే రా. ఆవిరి గది ఇద్దరికీ సరిపోతుంది. వంగకపోతే మాత్రం నేనే వచ్చి మెడ వంచుతాను, అనుమానముంటే వాణ్ణి అడుగు.'

ఉత్తరం పట్టుకెళ్లడానికి వచ్చిన సెల్మా, విల్యో చిరునామా మీదే నెస్తోరి పేరు చూసి ఏదో అనబోయింది. టిల్డా ముఖం చూసి మానేసింది.

అయిదు వారాలు. పాస్టరుగారు మాట తప్పలేదు. పిల్లకు బాప్తిస్మం ఇవ్వడానికి వచ్చినా, ఎవరింట్లోనో ముసలాయనకు ప్రార్థన చెప్పడానికి వచ్చినా, గంట మోగిస్తూ ఊరంతా కోళ్లను బెదరగొట్టుకుంటూ వచ్చేవాడు. ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం టిల్డా ఎండుగడ్డి తిరగేస్తోంది. సందు మలుపులో సైకిలు కనిపించింది. గంట మోగలేదు.

ఆమె గడ్డి తిరగేసే కర్రను ఊతంగా పట్టుకుని నిలబడింది. సైకిలు ఆమె గేటు దగ్గర నెమ్మదించింది. పాస్టరుగారు ఆమెను చూసి, టోపీ తీయకుండా తల అడ్డంగా ఊపాడు. సైకిలు ముందుకు కదిలి పక్కింటి దగ్గర ఆగింది. యుద్ధానికి వెళ్లిన సెల్మా తమ్ముడు ఆర్వికి పంతొమ్మిదేళ్లు.

మా ఇంటికి కాదు. టిల్డా మనసులో ముందుగా మెదిలిన మాట అదే. ఆ మాటకు ఆమె ఈనాటికీ సిగ్గుపడుతుంది.

నాలుగో రోజు సెల్మా సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"నువ్వెందుకు వచ్చావే? వేరే ఎవరైనా తెచ్చేవాళ్లు కదా," అంది టిల్డా.

"ఎవరున్నారు తేవడానికి? ఇదిగో, మీవాడిది. ఇక్కడే చదువక్కా. పైకి చదువు. బతికున్నవాడి ఉత్తరం ఒకటి వినాలనుంది."

టిల్డా పైకి చదివింది. 'అమ్మా, నీ ఉత్తరం నెస్తోరికి ఇచ్చాను. చదివి, మేజోళ్లు విప్పి మళ్లీ తొడుక్కున్నాడు. మర్నాటి నుంచి ఆ పలక దగ్గర వంగుతున్నాడు. వంగడమేమిటి, నాలుగు గజాల ముందు నుంచే పాకుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. రొట్టె తింటున్నాడు, నాది కూడా లాక్కుంటున్నాడు. పాస్టరుగారి సైకిలు టైర్లు అరిగిపోతాయి, ఆయన్ని శ్రమపడొద్దని చెప్పమన్నాడు. యుద్ధం అయ్యాక వస్తాడట.'

సెల్మా నవ్వింది. నవ్వుతూనే టిల్డా భుజం మీద తల పెట్టి, తమ్ముడి పేరు పిలుస్తూ ఏడ్చింది. ఆ రోజు ఊళ్లో మిగతా ఉత్తరాలు సాయంత్రానికి గానీ చేరలేదు.

సెప్టెంబరులో కాల్పులు ఆగాయి. నవంబరులో, మొదటి మంచు పడిన రోజు, విల్యో సందు మలుపు తిరిగి నడిచి వచ్చాడు. దూరం నుంచే టిల్డా నడక పోల్చుకుంది. ఎడమ పాదం బయటి అంచు మీద పడుతోంది.

ఆవిరి గది వేడిగా ఉంది. బట్టలు మార్చుకునే బల్ల మీద రెండు తువ్వాళ్లు, రెండు ఉతికిన చొక్కాలు, ఆవిరిలో ఒళ్లు తట్టుకోవడానికి రెండు భోజ కొమ్మల కట్టలు, ఎర్ర గీత జత ఒకటి, నీలి గీత జత ఒకటి. విల్యో వాటిని చూస్తూ నిలబడిపోయాడు.

"రెండేసి ఎందుకమ్మా?"

"నెస్తోరి వస్తాడని రాశావుగా. ఏడీ?"

వాడు వంగి నీలి గీత మేజోళ్లు చేతిలోకి తీసుకున్నాడు. కొత్తవి, ఇంకా ఎవరూ తొడగనివి. ఎడమదాని మడమ బయటి వైపు మాత్రం, అరగకముందే, ఉన్ని రెండు పొరలుగా అల్లి ఉంది. వాడి బొటనవేలు ఆ మందం మీద ఆగిపోయింది.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"రఫ్ఫుకు తెచ్చిచ్చావు చూడు, అప్పటినుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే రాయడం మానేసేవాడివి, మొద్దూ." టిల్డా మోచేత్తోనే కళ్లు తుడుచుకుంది. "అదంతా తర్వాత. ఇంతకీ వాడు వచ్చాడా, లేదా?"

విల్యో బల్ల మీద కూలబడి, ఆ మేజోళ్లలో ముఖం పెట్టుకున్నాడు.

"వచ్చాడమ్మా," అన్నాడు.

ఇదంతా జరిగి పాతికేళ్లయింది. ఉత్తరాలు కాఫీ డబ్బాలో ఉన్నాయి, పొగ వాసన ఎప్పుడో పోయింది. టిల్డా ముసలమ్మ దారం కొరికి, మేజోడు తిరగేసి చూసుకుంది. పెరటి తలుపు తెరుచుకుని విల్యో లోపలికి వచ్చాడు. నలభై తొమ్మిదేళ్లవాడు, ఆవిరికి ఒళ్లంతా ఎర్రబడి ఉంది.

"అమ్మా, నెస్తోరివి అయ్యాయా?"

ఆ ఇంట్లో రఫ్ఫు వేసిన మేజోళ్లను అలాగే అంటారు. ఎందుకో కోడలు ఎప్పుడూ అడగలేదు.

"అయ్యాయి, ఇంద. ముందు తొడుక్కో, నేల చల్లగా ఉంది," అంది టిల్డా. పొయ్యి మీద పాలు అప్పటికే వెచ్చబడ్డాయి.